మ్యాక్ ఫిల్టరింగ్: నిజాంపేట, సైబరాబాద్ పరిసరాల్లో వైఫైకి పరికరాల జాబితా

మ్యాక్ ఫిల్టరింగ్ అంటే ఒక వైఫై నెట్‌వర్క్‌లో ఏయే పరికరాలు చేరవచ్చో ముందుగా జాబితా రాసుకుని, తక్కినవాటిని రౌటర్ దగ్గరే ఆపేసే పద్ధతి. జాబితాకు ఆధారం మ్యాక్ అడ్రస్. ఇది ప్రతి నెట్‌వర్క్ కార్డుకు తయారీ సమయంలో కేటాయించే 48 బిట్ల సంఖ్య. దీన్ని రెండేసి అంకెలు లేదా అక్షరాల చొప్పున ఆరు జతలుగా రాస్తారు. మొదటి మూడు జతలను ఐఈఈఈ సంస్థ తయారీదారుకు కేటాయిస్తుంది, మిగిలిన మూడింటిని తయారీదారు తనకు తాను వేసుకుంటాడు. ఇళ్లలో వాడే రౌటర్లలో దాదాపు అన్నిటా ఈ సౌకర్యం ఉంటుంది. దీన్ని భద్రతగా లెక్కించాలా, నిర్వహణకు పనికొచ్చే సాధనంగా మాత్రమే చూడాలా అన్న చర్చ కనీసం 2001 నుంచి నడుస్తోంది. ఇప్పటివరకు ప్రచురితమైన ఆధారాలు రెండో అభిప్రాయం వైపే ఎక్కువగా మొగ్గుతాయి.

ఈ పద్ధతి మంచిచెడ్డలు బాగా తెలిసివచ్చే చోట్లలో హైదరాబాద్ శివారు నిజాంపేట ఒకటి. కూకట్‌పల్లి జేఎన్‌టీయూ దాటి మియాపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారికి ఉత్తరాన ఉన్న ఈ ఊరు, 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక సైబరాబాద్‌గా పిలిచే మాదాపూర్, గచ్చిబౌలి చుట్టూ పెరిగిన ఐటీ కంపెనీల ఉద్యోగులకు నివాస ప్రాంతంగా మారింది. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ పంచాయతీలను కలిపి నగరపాలక సంస్థగా చేశారు. అపార్ట్‌మెంట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. బాచుపల్లిలోని వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి, గోకరాజు రంగరాజు ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థుల కోసం, మెట్రో ఎక్కి ఆఫీసులకు వెళ్లేవారి కోసం హాస్టళ్లు వెలిశాయి. ఒక ఫ్లాట్ హాల్లో నిలబడి ఫోన్ తీస్తే పక్క ఫ్లాట్లవీ, ఎదుటి భవనానివీ కలిపి పదికి తక్కువ కాకుండా వైఫై పేర్లు కనిపించడం ఇక్కడ మామూలే. తమ నెట్‌ను ఎవరు వాడుతున్నారన్న అనుమానం పుట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

పని చేసే తీరు

ఫోన్ ఒక వైఫైలో చేరడానికి మొదట ఆ నెట్‌వర్క్‌ను పలకరిస్తుంది, తరవాత చేర్చుకోమని అడుగుతుంది. ఈ అడగడంలోనే తన మ్యాక్ అడ్రస్ చెబుతుంది. ఫిల్టరింగ్ ఆన్ చేసి ఉంటే రౌటర్ ఆ సంఖ్యను తన జాబితాతో పోల్చి చూస్తుంది. జాబితా రెండు రకాలు. రాసినవాటిని మాత్రమే రానిచ్చేది ఒకటి, రాసినవాటిని మాత్రమే ఆపేది మరొకటి. రెండో రకం వల్ల భద్రత ఏమీ పెరగదు. ఆపిన ఫోన్ వేరే మ్యాక్‌తో వస్తే రౌటర్ దాన్ని కొత్తగా వచ్చిన ఫోన్‌గానే చూస్తుంది. అందుకే ఈ వ్యాసంలో మ్యాక్ ఫిల్టరింగ్ అన్నప్పుడల్లా మొదటి రకాన్నే ఉద్దేశించాం.

రౌటర్ పేజీని బ్రౌజర్‌లో తెరిచి, వైర్‌లెస్ విభాగంలో మ్యాక్ ఫిల్టర్ అన్న చోట అడ్రస్‌లు చేర్చాలి. పేజీ చిరునామా ఎక్కువ రౌటర్లలో 192.168.0.1 లేదా 192.168.1.1, జియోఫైబర్ ఇచ్చే రౌటర్లలో 192.168.29.1. చవక రౌటర్ల జాబితాల్లో కొన్ని పదుల అడ్రస్‌లకే చోటుంటుంది. ఇంటికి అది సరిపోతుంది, హాస్టల్‌కు చాలకపోవచ్చు.

బలహీనత

వైఫై సమాచారం చిన్న చిన్న ముక్కలుగా గాలిలో ప్రయాణిస్తుంది. ప్రతి ముక్కకూ తలభాగం ఒకటి ఉంటుంది. పంపినది ఏ పరికరం, అందుకోవలసినది ఏ పరికరం అన్నది ఆ తలభాగంలో మ్యాక్ అడ్రస్‌ల రూపంలో రాసి ఉంటుంది. వైఫై భద్రతా ప్రమాణం డబ్ల్యూపీఏ2 అయినా, డబ్ల్యూపీఏ3 అయినా లోపలి సమాచారాన్ని మాత్రమే గుప్తీకరిస్తాయి. తలభాగం అందరికీ కనబడేలానే ఉండాలి, లేకపోతే ముక్క ఎవరిదో పరికరాలకు తెలియదు. అంటే జాబితాలో ఉన్న అడ్రస్‌లను ఆ ఇంటివాళ్లే రోజంతా గాలిలో చాటుతుంటారు. వైఫై కార్డును అన్ని ముక్కలూ వినేలా అమర్చుకున్న వ్యక్తి పాస్‌వర్డ్ తెలియకపోయినా ఏ మ్యాక్‌లకు ఆ ఇంట్లో అనుమతి ఉందో కొద్ది నిమిషాల్లో రాసుకోగలడు.

ఆ అడ్రస్‌ను తన కార్డుకు పెట్టుకోవడం అంతకన్నా తేలిక. మ్యాక్ అడ్రస్‌ను తయారీలో ముద్రిస్తారన్న మాట నిజమే కానీ, పంపే ముక్కల మీద ఏ అడ్రస్ వేయాలో నిర్ణయించేది సాఫ్ట్‌వేర్. లినక్స్‌లో ఒకటి రెండు ఆదేశాలతో, విండోస్‌లో చాలా కార్డులకు డ్రైవర్ సెట్టింగుల్లోనే దాన్ని మార్చవచ్చు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ బండి నంబరు మాత్రమే చూసి లోపలికి వదలడం లాంటిది ఇది. నంబరు ప్లేటు బయటికే కనబడుతుంది, అలాంటిదే ఇంకొకటి రాయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు పరికరం, నకలు పరికరం ఒకే సమయంలో ఒకే రౌటర్‌తో మాట్లాడితే రెండింటికీ నెట్ తెగుతూ వస్తుంది. అందువల్ల నకలు చేసేవాడు అసలువారు ఆఫీసుకు వెళ్లేదాకా ఆగుతాడు. లేదా అసలు పరికరాన్ని నెట్‌వర్క్ నుంచి తప్పుకోమని దొంగ సందేశం పంపుతాడు. పాత వైఫైలో ఇలాంటి నిర్వహణ సందేశాలకు రక్షణ ఉండేది కాదు. 2009లో వచ్చిన 802.11డబ్ల్యూ సవరణ ఆ లోటు తీర్చింది. డబ్ల్యూపీఏ3లో ఆ రక్షణ తప్పనిసరి.

ఈ బలహీనతను మొదట ఎవరు బయటపెట్టారన్న దాని మీద రచనలు ఒకే మాట చెప్పవు. తరచూ కనిపించేది 2001 మార్చిలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం అర్బా, నరేందర్ శంకర్, జస్టిన్ వాన్ విడుదల చేసిన వ్యాసం. అప్పటి యాక్సెస్ పాయింట్ల మ్యాక్ జాబితాలను, పేరు దాచిన నెట్‌వర్క్‌లను ఎలా దాటవచ్చో వారు చూపారు. వైఫై తొలి గుప్తీకరణ పద్ధతి వెప్ లోపాల విషయంలోనూ ఇదే పరిస్థితి. చాలామంది 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్‌ల పరిశోధనతో కథ మొదలుపెడతారు. అయితే ఇంటెల్‌కు చెందిన జెస్సీ వాకర్ 2000 అక్టోబరులోనే వెప్ రూపకల్పన లోపాలను ఐఈఈఈ ముందు పెట్టాడు. బర్క్‌లీ పరిశోధకులు బోరిసోవ్, గోల్డ్‌బర్గ్, వాగ్నర్ 2001 ఆరంభంలో మరికొన్ని చెప్పారు. కాలక్రమం చూస్తే వాకర్‌కే మొదటి స్థానం ఇవ్వడం న్యాయం. ఆచరణలో తాళం తీసి చూపే దారి వేసినవారు మాత్రం ఫ్లూరర్ బృందం.

మ్యాక్ నిషేధం ఎంత బలహీనమో ప్రపంచమంతా తెలిసివచ్చిన ఉదంతం అమెరికన్ ప్రోగ్రామర్ ఆరన్ స్వార్ట్జ్‌ది. 2010 శరదృతువులో అమెరికాలోని ఎంఐటీ నెట్‌వర్క్ నుంచి జేస్టోర్ పరిశోధన పత్రాలను పెద్ద ఎత్తున దించుతున్న ఆయన ల్యాప్‌టాప్‌ను విశ్వవిద్యాలయం మ్యాక్ అడ్రస్ ఆధారంగా అడ్డుకుంది. 2011 జులైలో దాఖలైన అభియోగపత్రం ప్రకారం, ఆ అడ్రస్ చివర ఉన్న ఎఫ్‌బి అన్న జతను ఎఫ్‌సిగా మార్చగానే ల్యాప్‌టాప్ మళ్లీ నెట్‌లోకి వచ్చింది. ఆ కేసు న్యాయాన్యాయాల మీద ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి. 2013 జనవరిలో స్వార్ట్జ్ ఆత్మహత్య చేసుకోవడంతో విచారణ దాకా వెళ్లకుండానే కేసు ముగిసింది. ఇక్కడ ఆ ఉదంతం ప్రస్తావనకు కారణం ఒక్కటే: ప్రపంచంలో పేరున్న సాంకేతిక విద్యాసంస్థ వేసిన నిషేధాన్ని దాటడానికి ఒక్క అక్షరం మార్పు చాలింది.

ఇంత తెలిశాక కూడా మ్యాక్ ఫిల్టరింగ్‌ను అదనపు పొరగా ఉంచుకోమని చెప్పేవారు ఉన్నారు. పాస్‌వర్డ్ ఎలాగో తెలుసుకున్న పక్కింటి కుర్రవాడికి మ్యాక్ మార్చడం తెలియకపోవచ్చు కదా అన్నది వారి వాదన. అందులో కొంత నిజముంది. అయితే ఆ పొర ఉందన్న ధీమాతో పాస్‌వర్డ్‌ను ఫోన్ నంబరుగానో, ఫ్లాట్ నంబరుగానో వదిలేసే అలవాటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. లాభనష్టాలు బేరీజు వేస్తే నష్టమే ఎక్కువగా తూగుతుంది.

కేబుల్ రోజుల మ్యాక్ బైండింగ్

హైదరాబాద్‌లో సామాన్యులకు మ్యాక్ అడ్రస్ అన్న మాట పరిచయమైంది వైఫై వల్ల కాదు, కేబుల్ ఇంటర్నెట్ వల్ల. 2000ల్లో కాలనీల కేబుల్ ఆపరేటర్లు టీవీ తీగతో పాటు నెట్ తీగ కూడా లాగడం మొదలుపెట్టినప్పుడు, ఒక కనెక్షన్‌ను ఒకే కంప్యూటర్ వాడేలా చూడటానికి ఆ కంప్యూటర్ మ్యాక్‌ను తమ సర్వర్‌లో నమోదు చేసేవారు. దీన్నే మ్యాక్ బైండింగ్ అనేవారు, ఇప్పటికీ అంటారు. కంప్యూటర్ మారినా, నెట్‌వర్క్ కార్డు పిడుగుపాటుకు కాలిపోయి కొత్తది వేసినా, ఆపరేటర్‌కు ఫోన్ చేసి మ్యాక్ రీసెట్ చేయమని అడగాల్సి వచ్చేది. నగరంలో విస్తరించి తరవాత ఏసీటీలో కలిసిన బీమ్ టెలికాం వంటి సంస్థల వినియోగదారులకు ఇంకో పద్ధతి తెలుసు. వెబ్ పేజీలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయితేనే నెట్ వచ్చేది.

ఇలాంటి బైండింగ్‌కు జవాబుగా వచ్చినదే రౌటర్లలోని మ్యాక్ క్లోన్ మీట. ఇంట్లోకి కొత్తగా రౌటర్ తెచ్చుకున్నవారు ఆ మీట నొక్కితే, అది పాత కంప్యూటర్ అడ్రస్‌ను తన మీద వేసుకుని ఆపరేటర్ సర్వర్ ముందు ఆ కంప్యూటర్‌లా నిలబడేది. ఈ మీట ఇవాళ్టి రౌటర్లలోనూ ఉంది. ఒకే పెట్టెలో ఒక మెనూ మ్యాక్ చూసి మనుషులను ఆపుతుంది, ఇంకో మెనూ మ్యాక్‌ను నకలు చేసి పెడుతుంది. మ్యాక్ ఫిల్టరింగ్‌ను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి ఇంట్లోనే దొరికే రుజువు ఇది. దీన్ని వినియోగదారులకు స్పష్టంగా చెప్పే కరదీపికలు చాలా తక్కువ.

హాస్టళ్లలో ఈ బైండింగ్ వేరే రూపంలో బతికే ఉంది. ఒక్క ఫైబర్ కనెక్షన్ మీద పదులమంది ఆధారపడే చోట, మనిషికి ఒక ఫోన్, ఒక ల్యాప్‌టాప్ అన్న లెక్క నిలబెట్టడానికి నిర్వాహకులు మ్యాక్ జాబితానో, మైక్రోటిక్ రౌటర్ల హాట్‌స్పాట్ పేజీనో వాడతారు. ఇక్కడ లక్ష్యం దొంగను ఆపడం కాదు, వాటా పంచడం. ఆ పనికి మ్యాక్ జాబితా ఇప్పటికీ పనికొస్తుందనే చెప్పాలి.

2008 మెయిళ్లు, 2009 ఆదేశాలు

భారతదేశంలో ఇంటి వైఫై భద్రత పోలీసుల విషయంగా మారింది 2008లో. ఆ ఏడాది జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు ఇండియన్ ముజాహిదీన్ అనే ఉగ్రవాద ముఠా పేరుతో వార్తా సంస్థలకు మెయిల్ వచ్చింది. దాని జాడ నవీ ముంబైలో ఒక అమెరికన్ అద్దెకుంటున్న ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ దగ్గర తేలింది. ఆయనకు ఆ మెయిల్‌తో సంబంధం లేదని, ఆయన వైఫైని బయటి నుంచి వాడుకున్నారని తరవాత దర్యాప్తులో తేలింది. ఈలోగా ఆయన ఇంట్లో సోదాలు, విచారణలు జరిగాయి. ఆగస్టులో వచ్చిన మరో మెయిల్ మాటుంగాలోని ఖాల్సా కళాశాల నెట్‌వర్క్ నుంచి, సెప్టెంబరు 13న దిల్లీ పేలుళ్లప్పటి మెయిల్ చెంబూరులోని ఒక సంస్థ వైఫై నుంచి వెళ్లినట్టు దర్యాప్తు అధికారులు చెప్పారు.

హైదరాబాద్‌కు ఈ వ్యవహారంతో రెండు లంకెలున్నాయి. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ల కేసులో ఇదే ముఠాకు చెందినవారిని దోషులుగా తేల్చి 2018 సెప్టెంబరులో నగరంలోని ప్రత్యేక కోర్టు ఇద్దరికి మరణశిక్ష విధించింది. రెండోది, మెయిళ్ల కేసులో 2008 అక్టోబరులో అరెస్టయిన పుణెకు చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అంతకు ముందు హైదరాబాద్‌లో హ్యాకింగ్ కోర్సులో చేరాడని ముంబై పోలీసులు చెప్పినట్టు అప్పటి పత్రికలు రాశాయి. ఈ రెండో విషయాన్ని పోలీసుల కథనంగానే తీసుకోవాలి. అలాంటి కోర్సులు నగరంలో అప్పటికే బహిరంగంగా, చట్టబద్ధంగా నడుస్తున్నాయి. కోర్సు చేయడమే నేరానికి సూచన కాదు.

2009 జనవరిలో ముంబై పోలీసులు వీధుల్లో తిరిగి పాస్‌వర్డ్ లేని వైఫైలు వెతకడం, యజమానులకు నోటీసులివ్వడం మొదలుపెడుతున్నట్టు ప్రకటించారు. ఫిబ్రవరి 23న టెలికాం శాఖ ఇంటర్నెట్ సేవాసంస్థలకు ఆదేశాలిచ్చింది. లైసెన్సు అవసరం లేని తరంగాల మీద వైఫై ఇచ్చేటప్పుడు వినియోగదారు ఎవరో గుర్తించాకే నెట్ తెరవాలని, బహిరంగ ప్రదేశాల్లో ఫొటో గుర్తింపు పత్రం నకలు తీసుకోవాలని లేదా ఫోన్‌కు సంక్షిప్త సందేశం ద్వారా పాస్‌వర్డ్ పంపి ఆ నంబరును ఏడాదిపాటు భద్రపరచాలని అందులో ఉంది. ఇవాళ విమానాశ్రయంలో, రైల్వే స్టేషన్‌లో వైఫై కోసం ఓటీపీ కొట్టే అలవాటుకు మూలం ఇదే.

ఆ ఆదేశాలు మనిషిని గుర్తించమన్నాయి, పరికరాన్ని కాదు. మ్యాక్ జాబితా పెట్టుకుంటే సరిపోతుందన్న ప్రచారం అప్పట్లో సాగినా, ఆదేశాల స్ఫూర్తికి అది దూరం. నవీ ముంబైలో అద్దెకున్న ఆ అమెరికన్ అనుభవం తలచుకుంటే ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఐపీ అడ్రస్ కనెక్షన్ తీసుకున్నవారి పేరు మీదే ఉంటుంది. పోలీసులు మొదట తట్టేది వారి తలుపే. నకలు మ్యాక్‌తో ఎవరో వచ్చి వెళ్లినా రౌటర్ చిట్టాలో కనిపించేది ఇంట్లోవారి ఫోన్ అడ్రసే. అంటే మ్యాక్ జాబితా మీదే ఆధారపడిన ఇంటివారికి, తాము చేయలేదని చెప్పుకోవడం మరింత కష్టమవుతుంది.

ఐటీ కార్యాలయాల పద్ధతి

సైబరాబాద్ కంపెనీల్లో పరికరాలను పరిమితం చేసే పని మొదటి నుంచీ కట్టుదిట్టంగానే ఉంది. కారణం విదేశీ ఖాతాదారుల షరతులు. బ్యాంకు కార్డుల సమాచారంతో పనిచేసే సంస్థలకు పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం వర్తిస్తుంది. ఆ ప్రమాణంలో వైఫై మీద శ్రద్ధ పెరగడానికి కారణమైనవాటిలో అమెరికా దుకాణాల సంస్థ టీజేఎక్స్ ఉదంతం ప్రధానమైనది. 2005లో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక దుకాణం బయట నుంచి వెప్ మాత్రమే ఉన్న వైఫైలో దొంగలు దూరారు. ఆ సంస్థ 2007లో ఒప్పుకున్న లెక్క ప్రకారమే కనీసం 4.57 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. బ్యాంకులు కోర్టులో చెప్పిన లెక్క దానికి దాదాపు రెట్టింపు. కార్డు సమాచారం ఉన్న చోట వెప్ వాడకాన్ని 2010 జూన్ 30 తరవాత ఆ ప్రమాణం పూర్తిగా నిషేధించింది. అనుమతి లేని యాక్సెస్ పాయింట్లు ఉన్నాయేమో మూడు నెలలకోసారి వెతకాలని కూడా అది అడుగుతుంది.

కార్యాలయాల్లో వాడేది 802.1ఎక్స్ పద్ధతి. 2001లో ప్రమాణంగా ఆమోదం పొందిన ఇది మొదట తీగ నెట్‌వర్క్‌ల కోసం పుట్టింది. ల్యాప్‌టాప్ వైఫైలో చేరాలంటే కంపెనీ రేడియస్ సర్వర్‌కు తన డిజిటల్ సర్టిఫికెట్ చూపాలి. సర్టిఫికెట్‌కు జంటగా ఉండే రహస్య తాళం ల్యాప్‌టాప్ దాటి గాలిలోకి రాదు కాబట్టి, విని నకలు చేయడానికి ఏమీ మిగలదు. ఒక ఖాతాదారు కోసమే వేరుగా కట్టిన ఓడీసీల్లో బ్యాడ్జి ఉన్నవారే గదిలోకి వెళ్లగలిగినట్టు, సర్టిఫికెట్ ఉన్న యంత్రాలే నెట్‌లోకి వెళ్లగలవు. పరికరాన్ని బట్టి అనుమతించడం అన్న ఆలోచనకు అసలైన ఆచరణ ఇదే.

సర్టిఫికెట్ పెట్టుకోలేని ప్రింటర్లు, కెమెరాలు, సమావేశ గదుల టీవీల కోసం మాత్రం కంపెనీలు కూడా మ్యాక్ జాబితానే వాడతాయి. దాన్ని మ్యాబ్ అంటారు. అలా చేరినవాటిని వీల్యాన్ అనే విడి నెట్‌వర్క్ భాగంలో పడేసి, ప్రింటర్‌కు ప్రింటర్ చేయవలసిన పని తప్ప ఇంకేమీ అందకుండా చేస్తారు. మ్యాక్‌ను ఎంతవరకు నమ్మవచ్చో అంతవరకే నమ్మే పద్ధతి ఇది. ఇళ్లకూ ఇదే పాఠం.

2020 మార్చిలో ఈ ఏర్పాటంతా ఒక్కసారిగా ఇళ్లలోకి వచ్చింది. లాక్‌డౌన్‌కు ముందే, మార్చి 13న, టెలికాం శాఖ ‘ఇతర సేవాసంస్థలు’ అన్న వర్గంలోకి వచ్చే ఐటీ, కాల్ సెంటర్ సంస్థల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయడానికి షరతులు సడలించింది. నవంబరులో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. డెస్క్‌టాప్‌లు కార్లలో, ఆటోల్లో నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్ ఫ్లాట్లకు చేరాయి. కార్యాలయంలో సర్టిఫికెట్ లేనిదే కదలని యంత్రం, ఇంట్లో పిల్లల ట్యాబ్, స్మార్ట్ టీవీ, పనిమనిషి ఫోన్ ఉన్న అదే వైఫైలో కూర్చుంది. కంపెనీలు వీపీఎన్‌తో తమ వరకు సొరంగం కట్టుకున్నాయి, సొరంగం బయట ఇంటి నెట్‌వర్క్ ఎలా ఉందన్నది ఇంటివారికే వదిలేశాయి. ఆ తరవాతి ఏళ్లలో హైబ్రిడ్ పని స్థిరపడటంతో ఆ పరిస్థితి చాలావరకు కొనసాగుతోంది. దీని గురించి ఇంకా ఎక్కువ చర్చ జరగవలసింది.

మారే మ్యాక్‌లు

ఫోన్లు తమ అసలు మ్యాక్‌ను చాటుకుంటూ తిరగడం వల్ల, దుకాణాలు, ప్రకటనల సంస్థలు మనుషుల కదలికలను గమనించగలిగేవి. దీనికి విరుగుడుగా యాపిల్ 2014లో ఐఓఎస్ 8తో, నెట్‌వర్క్‌ల కోసం వెతికేటప్పుడు ఉత్తుత్తి అడ్రస్ వాడటం ప్రవేశపెట్టింది. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 ఇంకో అడుగు వేసి, చేరే ప్రతి నెట్‌వర్క్‌కూ వేరే వేరే అడ్రస్ చూపడం మామూలు పద్ధతిగా చేశాయి. ఐఓఎస్ 18లో రక్షణ బలహీనంగా ఉన్న నెట్‌వర్క్‌ల దగ్గర ఆ అడ్రస్ కొన్నాళ్లకొకసారి తనంతట తానే మారుతుంది.

ఇలాంటి అడ్రస్‌ను గుర్తుపట్టడం తేలిక. మొదటి జతలో రెండో అక్షరం 2, 6, ఎ, ఇలలో ఏదో ఒకటి అయితే అది తయారీదారు ఇచ్చినది కాదు, ఫోన్ తానే వేసుకున్నది. హాస్టళ్లలో, మ్యాక్ జాబితా పెట్టుకున్న ఇళ్లలో నెట్ హఠాత్తుగా ఆగిపోయిందన్న ఫిర్యాదులకు ఇది ఒక మామూలు కారణం. సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్ వరకు ప్రైవేట్ అడ్రస్ అన్న ఈ సౌకర్యాన్ని ఆపేయమని నిర్వాహకులు చెబుతుంటారు. ఇంటివరకు అలా చేస్తే పెద్ద ప్రమాదం లేదు. అన్ని చోట్లా ఆపేయడం మాత్రం గోప్యతను వదులుకోవడమే. మారే అడ్రస్‌లతోనే పరికరాన్ని గుర్తుపట్టేందుకు ఐఈఈఈ 802.11బీహెచ్ అనే సవరణ రూపొందించింది. మార్కెట్లోని రౌటర్లలోకి అది చేరడానికి సమయం పడుతుంది.

బహిరంగ వైఫై

2014 అక్టోబరులో ఎయిర్‌టెల్‌తో కలిసి మాదాపూర్, సైబర్ టవర్స్ పరిసర రోడ్ల మీద తెలంగాణ ప్రభుత్వం వైఫై ప్రారంభించింది. 2016లో గూగుల్, రైల్‌టెల్ కలిసి ఇచ్చిన స్టేషన్ వైఫై మొదటి విడతల్లోనే కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. 2017 జూన్‌లో హై-ఫై పేరుతో నగరమంతటా హాట్‌స్పాట్లు ప్రకటించారు. ఆ సంఖ్యను కొన్ని చోట్ల 1,000గా, కొన్ని చోట్ల 3,000గా రాస్తారు. మొదటిది ప్రారంభ దశకు, రెండోది లక్ష్యానికి చెందినదిగా తీసుకోవడం సబబు.

ఇలాంటి వైఫైలలో సాధారణంగా ఓటీపీ కొట్టాక గేట్‌వే గుర్తుపెట్టుకునేది ఫోన్ మ్యాక్‌నే. అంటే ఇదీ మ్యాక్ ఫిల్టరింగే, జాబితా కొన్ని గంటలకోసారి మారుతుంది అంతే. పక్కన కూర్చున్నవారి మ్యాక్‌ను నకలు చేస్తే వారి ఓటీపీ మీద నెట్ వాడుకునే వీలు ఇక్కడా ఉంటుంది. పైగా పాస్‌వర్డ్ లేని వైఫైలో గాలిలోని సమాచారానికి గుప్తీకరణ కూడా ఉండదు.

ఇళ్లలో చేయదగినది

ఫ్లాట్‌లో మొదట చూడవలసింది పాస్‌వర్డ్. డబ్ల్యూపీఏ2 నెట్‌వర్క్‌లో పరికరం చేరేటప్పటి సంభాషణను పట్టుకుని తీరిగ్గా ఊహలు వేసే దాడి సాధ్యం. పది అంకెల ఫోన్ నంబరు ఆ దాడికి ఎక్కువసేపు ఆగదు. తెలుగు పదాలు నాలుగైదు, పొంతన లేనివి, ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాసుకుంటే గుర్తుండేదీ, గట్టిదీ అవుతుంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అలాంటి తీరిక దాడిని అడ్డుకుంటుంది. 2020 జులై నుంచి వైఫై ధ్రువీకరణ పొందే కొత్త పరికరాలన్నిటికీ ఇది తప్పనిసరి. 2019లో డ్రాగన్‌బ్లడ్ పేరుతో డబ్ల్యూపీఏ3లోనూ లోపాలు కనిపెట్టారు, తయారీదారులు సవరణలు ఇచ్చారు. అందుకే రౌటర్ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించడం పాస్‌వర్డంత ముఖ్యం.

పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాన్ని చేర్చే డబ్ల్యూపీఎస్ మీట ఉంటే ఆపేయాలి. దాని ఎనిమిది అంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తారని, దాంతో గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011 డిసెంబరులో స్టెఫాన్ వీబోక్ చూపాడు. రౌటర్ పేజీకి తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్ మార్చాలి. నెట్‌వర్క్ పేరు దాచడం వల్ల ప్రయోజనం లేదు. వెతికేవారికి ఆ పేరు ఎలాగూ దొరుకుతుంది, పైగా ఇంటి ఫోన్లే వెళ్లిన చోటల్లా ఆ పేరును పిలుస్తుంటాయి.

పరికరాలను వేరు చేయాలన్న కోరిక మాత్రం సరైనదే. దానికి ఇంట్లో దొరికే మార్గం గెస్ట్ నెట్‌వర్క్. ఆఫీసు ల్యాప్‌టాప్ ఒక పేరు మీద, కెమెరా, టీవీ, వచ్చేపోయేవారి ఫోన్లు ఇంకో పేరు మీద ఉంటే, ఒకదానికి జరిగిన హాని రెండోదానికి పాకదు. కొంచెం ఖరీదైన రౌటర్లలో ఒకే వైఫై పేరుకు మనిషికో పాస్‌వర్డ్ ఇవ్వవచ్చు. హాస్టళ్లకు మ్యాక్ జాబితా కన్నా ఇది ఎంతో మేలైన దారి. ఒకరు ఖాళీ చేసి వెళ్లినప్పుడు వారి పాస్‌వర్డ్ ఒక్కటే తీసేస్తే చాలు. ఇక రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితాను అప్పుడప్పుడు తెరిచి, ఒక్కొక్కటీ ఎవరిదో పేరు పెట్టుకోవడం మంచి అలవాటు. కొత్తది కనబడితే పాస్‌వర్డ్ మార్చడానికి అది తొలి హెచ్చరిక.

చట్టపరంగా

అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్క్‌లోకి వెళ్లడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చిన సవరణ 66సి సెక్షన్‌ను చేర్చింది. ఇతరుల పాస్‌వర్డ్‌ను, విశిష్ట గుర్తింపు లక్షణాన్ని మోసపూరితంగా వాడటం దాని కింద నేరం. నకలు మ్యాక్ ఈ నిర్వచనంలోకి వస్తుందా అన్నది వాదనకు తావున్న విషయం. మ్యాక్ పరికరానిది, మనిషిది కాదని ఒక వాదం. కనెక్షన్‌లోకి ప్రవేశం ఇచ్చేది అదే కాబట్టి గుర్తింపేనని ఇంకో వాదం. ఎలా చూసినా 43, 66 సెక్షన్లు వర్తించడానికి ఈ చిక్కు అడ్డురాదు.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సంస్థలు తమ వ్యవస్థల చిట్టాలను 180 రోజులు భద్రపరచాలని, సైబర్ ఘటనలను ఆరు గంటల్లో తెలపాలని చెబుతాయి. ఇవి సంస్థలకు, సేవాదారులకు వర్తిస్తాయి, ఇళ్లకు కాదు. ఆ చిట్టాల్లో ఏ మ్యాక్‌కు ఏ సమయంలో ఏ ఐపీ ఇచ్చారన్న వరుసలు కూడా ఉంటాయి. ఫోన్లు అడ్రస్‌లు మార్చుకునే ఈ కాలంలో ఆ వరుస ఒక్కటే ఎవరినీ పట్టివ్వదు. దాన్ని లాగిన్ పేరుతోనో, సర్టిఫికెట్‌తోనో, ఓటీపీ వెళ్లిన ఫోన్ నంబరుతోనో జతచేసి చూడాల్సి ఉంటుంది.